నాక్కూడా మాస్టారు

ఎదుటి మనిషికి ఏ నొప్పి ఉందన్నా ఆ నొప్పి మాస్టారికి కూడా ఉండేది. నిజం చెప్పాలంటే ఆయనకున్న జబ్బు ఇదొక్కటే. మిగతావన్నీ పక్కవాళ్ళ దగ్గర తెచ్చుకున్నవే.

ఎవరైనా తలనొప్పి అన్నారా, చేతిలో కత్తెర కింద పెట్టి కణతలు పట్టుకుని "నాక్కూడా!" అనేవాడు. పన్ను పోటు అన్నారా, చెంప పట్టుకుని "నాక్కూడా!" ఎడమ కాలు తిమ్మిరెక్కిందంటే ఆయనకూ ఎడమ కాలే తిమ్మిరెక్కేది. పొరపాటున కూడా కుడికాలు కాదు. ఒకసారి పక్కవీధి ఆవిడ నెలలు నిండిన కడుపుతో గౌను వదులు చేయించుకోవడానికి వచ్చి, "నడుం లాగేస్తోంది మాస్టారూ, లోపల ఒకటే తన్నులు," అంది. మాస్టారు నడుం మీద చెయ్యేసుకుని "నాక్..." అని, ఆగి, భార్య వంక ఓరగా చూసి, "నడుం వరకు నాక్కూడా," అన్నాడు.

వీధిలో ఆయన అసలు పేరు ఎప్పుడో చెరిగిపోయింది. బట్టలు కుట్టించుకునేవాళ్ళకు, కుట్టించుకోనివాళ్ళకు కూడా ఆయన నాక్కూడా మాస్టారే. కొందరికి అది మంచి కాలక్షేపం. పని లేనప్పుడు కొట్టు ముందు నిలబడి, "మాస్టారూ, నిన్నటినుంచి మోచెయ్యి దురద," అనేవాళ్ళు. మాస్టారు మోచెయ్యి గోక్కుంటుంటే చూసి సంతోషంగా వెళ్ళిపోయేవాళ్ళు.

కొట్లో ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. కుట్టిన ప్రతి బట్టా ముందు తాను వేసుకుని చూసేవాడు. బట్టలు తొడిగి చూసే బొమ్మ ఒకటి వెనకటికి ఉండేదిగాని, దాని మెడ విరిగిపోయాక ఆ ఉద్యోగం కూడా మాస్టారే చేసుకున్నాడు. చొక్కాలూ కోట్లూ సరే, గౌన్లు కూడా. దారినపోయేవాళ్ళు తలతిప్పి చూస్తే, అద్దం ముందు పూలగౌను వేసుకుని, మెడలో టేపుతో, బట్టతలతో, గుబురు మీసాలతో ఒక మనిషి అటూ ఇటూ తిరుగుతూ కనిపించేవాడు. "చంక కింద పడుతోంది," అని తనలో తాను అనుకునేవాడు. సైజు పట్టనిదైతే ఒక చేతికైనా తొడిగి చూసేవాడు. "నా ఒంటిమీద పట్టంది ఇంకొకళ్ళ ఒంటిమీదికి ఎలా పంపిస్తాను?" అనేవాడు ఎవరైనా నవ్వితే.

ఆయన నోటికి విశ్రాంతి దొరికేది ఒక్కప్పుడే. అంచులు మడిచేటప్పుడు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకునేవాడు. అవి ఉన్నంతసేపూ కిమ్మనేవాడు కాదు. ఆయన భార్య ఆ సమయం కోసం కాచుకుని ఉండి, ఇంటిపనుల గురించి చెప్పాల్సినవన్నీ అప్పుడే గుక్కతిప్పుకోకుండా చెప్పేసేది.

ఆ కొట్లో మూలనున్న కుర్చీలో కూర్చుని గుండీలకు కాజాలు కుట్టే పిల్లకు మాస్టారు పెదనాన్న, ఆయన భార్య పెద్దమ్మ. వీధంతా ఆమెను కాజాల పిల్ల అనేది. మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ. గుండీ ఎక్కడ వదులుగా ఉందో, ఎవరి కళ్ళు ఎందుకు ఎర్రగా ఉన్నాయో ఆమెకు ముందే తెలిసేది. చెప్పమంటే మాత్రం నీళ్ళు నమిలేది.

ఆమెకు నిజంగానే ఒక జబ్బు ఉంది. అదేమిటో ఎవరికీ అంతుపట్టలేదు. కూర్చుంటే బాగానే ఉండేది. లేచి నిలబడితే, మిషన్ పెడల్ మీద ఎవరో కాలు వేసి తియ్యడం మరిచిపోయినట్టు గుండె పరుగెత్తేది. కళ్ళముందు నల్లటి లైనింగు గుడ్డ జారినట్టయ్యేది. కాళ్ళు తనవి కానట్టుండేవి. కాసేపు పడుకుంటే అన్నీ సర్దుకునేవి. సర్దుకున్నాక చెబితే నమ్మేవాళ్ళు ఉండేవాళ్ళు కాదు.

బళ్ళో ఉదయం వరసల్లో నిలబెట్టినప్పుడు పడిపోయేది. మొదట్లో అందరూ నీళ్ళు తెచ్చారు. తర్వాత్తర్వాత, "పరీక్షలొస్తున్నాయిగా, మొదలెట్టింది నాటకం," అన్నారు. డాక్టర్లు మంచం మీద పడుకోబెట్టి చూసి, రక్తం తీసి, అంతా శుభ్రంగా ఉందన్నారు. ఎన్ని రిపోర్టులు శుభ్రంగా వస్తే పిల్ల అంత అబద్ధాలకోరైపోయింది. పదో తరగతి మధ్యలో బడి మానేసింది. తల్లి వేరే ఊళ్ళో మిల్లు పనికి పోతూ, "కూర్చుని చేసే పని, కాస్త నేర్పించక్కా," అని తీసుకొచ్చి అక్క దగ్గర వదిలింది.

పిల్ల వచ్చిన కొన్నాళ్ళకే మాస్టారికి కొత్త జబ్బు పట్టుకుంది.

"నిలబడితే తల తిరుగుతోందేవ్," అన్నాడు భార్యతో.

"నిన్నటిదాకా తిరగనిది ఇవాళెందుకు తిరుగుతోంది?"

"నాకేం తెలుసు? దాన్నడుగు, దానిక్కూడా తిరుగుతుందిగా!"

ఆ సాయంత్రమే రంపం తెచ్చి, గుడ్డ కత్తిరించే పెద్దబల్ల కాళ్ళు సగానికి కోసేశాడు. అప్పటినుంచి కొట్లో గుడ్డ కత్తిరించడం, గుర్తులు పెట్టడం, మడతలు వెయ్యడం అన్నీ కూర్చునే. గుండీల డబ్బాలు పై అరనుంచి కింది అరకు దిగొచ్చాయి. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు మాత్రం నిలబడేవాళ్ళు, వాళ్ళకు వేరే దారి లేదు గనక.

"ఈయనకు తల తిరుగుతోందని బల్ల కాళ్ళు నరికారు," అని పెద్దమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. "రేపు మెడ నొప్పంటే ఇంటికప్పు పీకుతారు."

కొట్లో ఇంకా నిలబడి పనిచేసే మనిషి ఒక్కడే, ఇస్త్రీ మామ. ఆయన్ని కూడా కూర్చోమన్నాడు మాస్టారు. "కూర్చుని ఇస్త్రీ చేస్తే మడత నా ఒళ్ళో పడుతుంది మాస్టారూ," అని ఆయన ఒప్పుకోలేదు.

వీధిలోకి వెళ్తే మాస్టారి చంకలో మడతపీట ఒకటి ఉండేది. చెప్పుల కొట్టు దాకా వెళ్ళేసరికి, "కాళ్ళు లాగేస్తున్నాయి," అని ఆగి పీట విప్పేవాడు. దానిమీద తాను కూర్చోకుండా, "నువ్వు కూర్చో తల్లీ, నేను గట్టు మీద కూర్చుంటాను, పీట నాకు గుచ్చుకుంటుంది," అనేవాడు. అందరూ చూసి నవ్వేవాళ్ళు. పిల్ల తలొంచుకునేది. నడివీధిలో పీటేసుకుని కూర్చోవడం ఏమిటని సిగ్గేసేది. ఆ సిగ్గులోనే గుండె నెమ్మదించేది. ఈ రెండో సంగతి ఆమె అప్పట్లో పట్టించుకోలేదు.

కొట్టుకు శుక్రవారం మధ్యాహ్నం సెలవు. ఆ పూట మాస్టారు చొక్కా మార్చుకుని డాక్టర్ల దగ్గరికి బయల్దేరేవాడు. ఒకసారి వెళ్ళిన చోటికి మళ్ళీ వెళ్ళేవాడు కాదు. తిరిగొచ్చి మొహం మాడ్చుకుని కూర్చునేవాడు.

"ఏమన్నాడు డాక్టరు?" అనేది పెద్దమ్మ.

"పనికిరాడు. నేను చెబుతుంటే ఫోను చూసుకుంటున్నాడు."

"మీరు చెబుతుంటే నేనైనా చూసుకుంటాను."

మరో శుక్రవారం, "ఈయన నేను నోరు తెరవకముందే మందులు రాసేశాడు." ఇంకో శుక్రవారం, "ఈయన నీ వయసెంత అన్నాడు, చెప్పాను, అయితే అంతే అన్నాడు." పెద్దమ్మ నెత్తి కొట్టుకునేది. "గుండ్రాయిలా ఉన్న మనిషికి ఇన్ని జబ్బులేమిటి? ఊళ్ళో ఉన్న డాక్టర్లందరినీ ఒక చుట్టు చుట్టి వస్తేగాని ఈయనకు నిద్ర పట్టదు!"

ఒక శుక్రవారం మాత్రం ఆయన హుషారుగా వచ్చాడు. పెద్దాసుపత్రిలో కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు చాలా మంచివాడట. చెప్పినంతసేపూ తల ఊపుతూ విన్నాడట. "తల్లీ, వచ్చేవారం నువ్వు కూడా రా. ఇద్దరం చూపించుకుందాం," అన్నాడు.

పిల్లకు ఆ వారమంతా కాలు నిలవలేదు. చెప్పవలసిన మాటను అద్దం ముందు కూర్చుని సాధన చేసింది. "నిలబడితే గుండె దడ వస్తుందండీ, కళ్ళు చీకట్లు కమ్ముతాయండీ." కాజా కుట్టేటప్పుడు ఒకసారి, దారం కొరికేటప్పుడు ఒకసారి. చిన్నమాటే. బళ్ళో పద్యం అప్పజెప్పడం కన్నా తేలిక.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు పెన్ను ఆడిస్తూ, "ఏమ్మా?" అన్నాడు.

"నిలబడితే..." అంది పిల్ల. తర్వాతి మాట ఎక్కడికో పోయింది. "నిలబడితే..." అంది మళ్ళీ.

ఆమె తడబడటం చూసి మాస్టారు ఉండబట్టలేకపోయాడు.

"నాక్కూడా!" అన్నాడు గట్టిగా.

డాక్టరు తలెత్తి, చెవిలోంచి పాటలు వినే చిన్న బిళ్ళ తీసి, నవ్వాడు. "మీరా! పోయినవారం మీకొచ్చినవేగా ఇవి? ఇది ఇంటింటికీ అంటుకునే జబ్బు కాదండీ, అలవాటు. పెద్దాయన్ని చూసి పిల్ల నేర్చుకుంటోంది. కాస్త బయట తిరగనివ్వండి, మనసు మళ్ళుతుంది." ఇద్దరికీ ఒకే బలం మాత్ర రాసిచ్చాడు.

బయట మెట్లు దిగాక పిల్ల ఆగిపోయింది. మాస్టారు అలవాటు కొద్దీ పీట విప్పబోయాడు.

"వద్దు," అంది. ఆమె గొంతు అంత పైకి లేవడం ఆమే ఎప్పుడూ వినలేదు. "నువ్వు నాతో ఇంకెక్కడికీ రావద్దు పెదనాన్నా. నీవన్నీ ఉత్తుత్తివి. నావి కూడా నీలాంటివేననుకుంటున్నారు. ఆ ఊళ్ళో నాటకం అన్నారు. ఇక్కడ నీ దగ్గర నేర్చుకున్నానంటున్నారు. నాకు నిజంగా వస్తుంది. ఎవరు నమ్ముతారిక?"

మాస్టారు సగం విప్పిన పీట అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత దాన్ని మడిచాడు.

"సరే తల్లీ," అన్నాడు.

మర్నాడు ఇస్త్రీ మామ చూపుడువేలు ఊదుకుంటూ, "మాస్టారూ, చురుక్కుమంది, కాలింది," అన్నాడు. అని, ఆనవాయితీగా ఎదురుచూశాడు.

"చన్నీళ్ళలో పెట్టు," అన్నాడు మాస్టారు.

ఇస్త్రీ మామ చేతిలో పెట్టె జారబోయింది. వేలి సంగతి మరిచిపోయి పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తాడు. "అక్కా, మాస్టారు 'నాక్కూడా' అనలేదు!"

సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయింది. ఒక్కొక్కరే ఏదో వంకన వచ్చి తమ దగ్గరున్న మంచి మంచి నొప్పులు చెప్పి చూశారు. మందుల కొట్టాయన మెడ పట్టేసిందన్నాడు. పక్కవీధి ఆవిడ చంకలో బిడ్డతో వచ్చి, "ఇప్పుడు నడుమే మాస్టారూ, ఇంకేం లేదు, నడుమొక్కటే," అని ఆశపెట్టింది. "జాగ్రత్తమ్మా," అన్నాడు మాస్టారు. అంతే. గుండీ తెగిన చొక్కాలా ఉన్నాడు మనిషి. పిల్ల మూలనుంచి అంతా చూస్తూనే ఉంది. కాజా మీద కాజా కుట్టింది, విప్పింది, మళ్ళీ కుట్టింది.

తాను ఒక్కతే వెళ్ళి చూపించుకుంటే ఈ గొడవ తీరుతుందనుకుంది. వీధి చివర చిన్న దవాఖానా ఉంది. గోడ పట్టుకుంటూ, మధ్యలో చెప్పుల కొట్టు గట్టుమీద ఆగుతూ వెళ్ళింది. పీట లేకపోతే గట్టు ఎంత ఎత్తో అప్పుడు తెలిసింది. లోపల జనం. ముసలి డాక్టరు తలెత్తకుండా, "చెప్పు, చెప్పు, త్వరగా, ఏమిటి?" అన్నాడు. వెనకాల ఎవరో ముందుకు తోస్తున్నారు. వారమంతా సాధన చేసిన మాట ఒక్కటీ రాలేదు. నోటికి అందిన అన్నిటికన్నా చిన్నమాట పైకొచ్చింది.

"దగ్గు," అంది.

దగ్గుమందు సీసాతో ఇంటికొచ్చింది.

"నీకు దగ్గెప్పుడొచ్చిందే?" అంది పెద్దమ్మ.

మాస్టారు ఆ సీసా వంక చూశాడు, పిల్ల మొహం వంక చూశాడు. చెయ్యి గొంతు దగ్గరికి వెళ్ళింది. "నాక్..." అన్నాడు. బలవంతాన మింగేశాడు.

మాస్టారి శుక్రవారాలు మాత్రం ఆగలేదు. పెద్దమ్మ అడగడం మానేసింది. ఆయన చెప్పడమూ మానేశాడు. వెళ్ళడం, మొహం వేలాడేసుకుని రావడం. అలాంటి ఒక శుక్రవారం మాత్రం ఆయన కుంటుకుంటూ, నవ్వుకుంటూ వచ్చాడు. వచ్చి చాపమీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"ఏమైంది?" అంది పెద్దమ్మ భయంగా.

"ఏమీ లేదంది డాక్టరు. అస్సలేమీ లేదట! గుండ్రాయిలా ఉన్నానట!" ఎవరో బహుమతి ఇచ్చినట్టు చెప్పాడు. "నన్ను నిలబెట్టేసింది చూశావూ! గోడకేసి నిలబెట్టి, కదలనివ్వకుండా, బళ్ళో శిక్ష వేసినట్టు! కాళ్ళు పడిపోయాయనుకో!"

"ఈయనకు నిజంగానే ఏదో అయింది," అంది పెద్దమ్మ పిల్లతో, చెవి దగ్గరికొచ్చి.

మర్నాడు మాస్టారు మూల కుర్చీ దగ్గరికి వచ్చి కింద కూర్చున్నాడు.

"తల్లీ, ఒక్కసారి. ఇదొక్కటే. తర్వాత ఇంకెప్పుడూ అడగను."

"నువ్వొస్తావా?"

"వస్తాను. నోరు మాత్రం విప్పను."

"నువ్వా?"

"ఒట్టు. నువ్వే చూస్తావుగా."

ఆ వైద్యశాల ఒక ఇంటి కింది వాటా. బయటి గదిలో బల్లలమీద మనుషులు. ఎవరికీ కుదురు లేదు. ఒకాయన దగ్గుతున్నాడు, ఒకావిడ మోకాలు నిమురుకుంటోంది, ఇంకొకాయన తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి కూర్చుంటున్నాడు. ఈసారి కూడా ఏమీ లేదంటే ఏం చెయ్యాలో పిల్లకు తెలియదు. ఇక తనను తాను కూడా నమ్మలేనేమోనని ఆమె భయం. మాస్టారి అవస్థ ఇంకో రకం. దగ్గు వినపడినప్పుడల్లా ఆయన ఛాతీ ఎగురుతోంది. మోకాలావిడ ఆయన వైపు తిరిగి, "మెట్లెక్కలేను బాబూ, మోకాలి చిప్ప కదిలిపోతోంది," అనగానే ఆయన చెయ్యి మోకాలి మీదికి పోయింది, నోరు తెరుచుకుంది.

అంతలో చటుక్కున జేబులోంచి సూదుల దిండు తీశాడు. గుండుసూదులు ఒకటొకటిగా పెదాల మధ్య బిగించుకున్నాడు. మోకాలావిడ పక్కకు జరిగి కూర్చుంది.

లోపల డాక్టరమ్మ లావుపాటి మనిషి. కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని ఉంది. "రండి మాస్టారూ," అంటూనే ఆగింది. "ఏమిటవి నోట్లో?"

మాస్టారు "ఊఁ" అన్నాడు.

"గుండుసూదులండీ," అంది పిల్ల.

"ఎందుకు?"

"మాట్లాడకుండా ఉండటానికండీ."

డాక్టరమ్మ పగలబడి నవ్వింది. బల్ల చరిచి నవ్వింది. డాక్టరుతో తాను రెండు మాటలు మాట్లాడేసినట్టు పిల్లకు అప్పుడు తెలిసింది. అవి సాధన చేసిన మాటలు కూడా కాదు.

"అయితే ఇవాళ నువ్వే చెప్పాలన్నమాట," అంది డాక్టరమ్మ. ఫోను తీసి సొరుగులో పడేసింది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"నిలబడితే..." అంది పిల్ల.

మాస్టారి పెదాల మధ్య సూదులు వణుకుతున్నాయి. డాక్టరమ్మ తొందరపెట్టలేదు, వాక్యం అందివ్వలేదు. ఊరికే చూస్తూ కూర్చుంది.

"నిలబడితే గుండె దడ వస్తుందండీ. కళ్ళు చీకట్లు కమ్ముతాయి. కూర్చుంటే తగ్గిపోతుంది. అందుకని ఎవరూ నమ్మరు." అక్కడితో ఆగుదామనుకుంది, ఆగలేదు. బళ్ళో పడిపోవడం, నాటకమనడం, వేడినీళ్ళ స్నానం తర్వాత తలుపు పట్టుకోవడం, దగ్గుమందు సీసాతో సహా అన్నీ చెప్పేసింది. ఇన్నేళ్ళలో ఆమె అన్ని మాటలు ఒక్కచోట మాట్లాడలేదు.

డాక్టరమ్మ ముందు పడుకోబెట్టి చూసింది. "ఇలా చూస్తే ఏమీ లేదు," అంది. "ఇప్పుడు లే. గోడకు ఆనుకోకు. నీ మోచెయ్యి నేను పట్టుకుంటాను, పడనివ్వను."

వేలికి గుండె కొట్టుకోవడం లెక్కపెట్టే చిన్న బిళ్ళలాంటి యంత్రం తగిలించింది. పిల్ల నిలబడింది. మాస్టారిని ఎవరూ నిలబడమనలేదు, ఆయనా లేచి నిలబడ్డాడు. గోడగడియారం ముల్లు కదిలినట్టే లేదు. యంత్రం మీద అంకెలు మాత్రం పెరుగుతూ పోయాయి. వాటితోపాటు డాక్టరమ్మ మొహంలో నవ్వు తగ్గుతూ పోయింది. పిల్ల కళ్ళముందు లైనింగు గుడ్డ జారడం మొదలైంది.

"చాలు. కూర్చో తల్లీ, కూర్చో. తల కిందికి పెట్టు."

ఊపిరి సర్దుకున్నాక డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "విను. ఇది నాటకం కాదు. భయమూ కాదు. ఎవరినీ చూసి నేర్చుకున్నదీ కాదు. నువ్వు ఊరికే నిలబడితే చాలు, నీ గుండె మేడమెట్లు పరుగెత్తి ఎక్కినట్టు కొట్టుకుంటోంది. అందరూ నిన్ను పడుకోబెట్టి చూశారు, అందుకే దొరకలేదు. దీనికి పేరుంది. అయితే ఇంకొన్ని చూసుకోకుండా ఆ పేరు నీకు పెట్టను. రేపటికి మాయమైపోతుందని కూడా అబద్ధం చెప్పను. కానీ తగ్గించుకునే దారులున్నాయి, మళ్ళీ చదువుకోవచ్చు, అన్నీ చేసుకోవచ్చు."

"అంటే..." అంది పిల్ల. "నిజంగానే ఉందా?"

"ఉంది."

జబ్బు ఉందంటే అంత సంతోషించిన మనిషిని డాక్టరమ్మ చూసి ఉండదు. ఒకేసారి ఇద్దరిని అసలే చూసి ఉండదు. మాస్టారు సూదుల సంగతి మరిచిపోయి చెవులదాకా నవ్వాడు. అవి పెదవిలో గుచ్చుకుని "హ్మ్!" అన్నాడు.

"మీ పెదనాన్న సంగతి చెప్పనా?" అంది డాక్టరమ్మ.

మాస్టారు తల అడ్డంగా ఊపాడు. "ఊఁ ఊఁ!" అన్నాడు. నోట్లో సూదులు, చేసేదేముంది?

"పోయినవారం వచ్చి నిలబడితే గుండె దడన్నారు. నిలబెట్టి చూశాను, ఏమీ లేదు. స్నానం చేశాక తలుపు పట్టుకుంటానన్నారు. చెయ్యి వణుకుతుందని టీ గ్లాసు సగమే నింపుకుంటానన్నారు. అన్నీ పొల్లుపోకుండా చెబుతున్నారు, ఒక్కటీ ఆయన ఒంట్లో కనపడదు. ఈయనెవర్రా బాబూ అనుకుంటున్నాను. అప్పుడు, జడ వేసుకోవడానికి చేతులు పైకెత్తితే కళ్ళు తిరుగుతాయన్నారు."

డాక్టరమ్మ మాస్టారి నున్నటి బట్టతల వంక చూసింది. పిల్ల కూడా చూసింది.

"జడ ఎవరిది మాస్టారూ అని అడిగాను. అప్పుడు చెప్పారు."

పిల్ల తన జడ చివర పట్టుకుని కూర్చుండిపోయింది. సగం గ్లాసు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. తలుపు సంగతి ఇవాళ్టిదాకా చెప్పలేదు. ఇంట్లో చూసేది తానొక్కతే అనుకుంది ఇన్నాళ్ళూ.

బయటికొచ్చాక మాస్టారు సూదులు తీసి దిండుకు గుచ్చాడు. కింది పెదవి వాచి, చిన్న నెత్తుటి చుక్క ఉంది.

"ఆ శుక్రవారాలన్నీ ఇందుకేనా పెదనాన్నా?" అంది పిల్ల.

"మరి? ఎలాంటి వాడో చూడకుండా నిన్ను పంపిస్తానా? గౌనైతేనే ముందు నేను వేసుకుని చూస్తానే, డాక్టర్ని చూడనా?" అన్నాడు మాస్టారు. తర్వాత నేలచూపులు చూస్తూ, "ఆ కుర్రాడి దగ్గరే కొలత తప్పాను తల్లీ. తల ఊపుతుంటే వింటున్నాడనుకున్నాను, వాడు పాట వింటున్నాడు. నీ గొంతు ఆగిపోయేసరికి తోడొద్దామని అరిచాను. అది కూడా తప్పే."

చెప్పుల కొట్టు దాకా వచ్చాక పిల్ల ఆయన చంకలోంచి పీట తీసుకుని, నడివీధిలో తానే విప్పి, దర్జాగా కూర్చుంది. నవ్వేవాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. గట్టుమీద కూర్చున్న మాస్టారికి తన రుమాలు అందించింది.

"పెదవి నొప్పిగా ఉందా?"

"అబ్బే, ఏమీ లేదు."

కొట్టుకు చేరేసరికి పెద్దమ్మ గుమ్మంలోనే ఉంది. పిల్ల మొహం చూడగానే ఆమెకు సగం అర్థమైంది, మిగతా సగం విని కళ్ళొత్తుకుంది. తర్వాత భర్త వంక చూసి కెవ్వుమంది.

"ఆ పెదవికేమైందండీ? వాచిపోయింది!"

"ఏమీ లేదు."

"నెత్తురు కారుతోంది!"

"ఏమీ లేదంటుంటే!"

పెద్దమ్మ గుండెలమీద చెయ్యేసుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి తనకు నొప్పి లేదనడం ఆమె వినలేదు. "ఇస్త్రీ తమ్ముడూ, త్వరగా రా! ఈయనకు ఏమీ లేదట! ఒంట్లో ఏదో పెద్దదే వచ్చింది!"

ఇస్త్రీ మామ పరుగెత్తుకొచ్చాడు. మాస్టారిని ఎగాదిగా చూశాడు. ఉపాయం తోచినవాడిలా కాలు నిమురుకుంటూ, "మాస్టారూ, పొద్దుట్నించి నిలబడి నిలబడి తల తిరిగిపోతోంది నాకు," అన్నాడు.

మాస్టారు నోరు తెరిచాడు. వాచిన పెదవి చురుక్కుమంది. "నా... నా..." అని, లోపలికొచ్చి మూల కుర్చీలో కూర్చున్న పిల్ల వంక దీనంగా చూశాడు.

"నాక్కూడా!"

ఆ మూల కుర్చీలోంచి అంత పెద్ద గొంతు వినడం కొట్లో ఎవరికైనా అదే మొదలు. ఇస్త్రీ మామ ఉలిక్కిపడ్డాడు. దారినపోయే ఇద్దరు ఆగి లోపలికి తొంగిచూశారు. పిల్ల చెవులదాకా ఎర్రబడింది కాని, అన్నమాట వెనక్కి తీసుకోలేదు.

మాస్టారు ఇస్త్రీ మామ వంక చూశాడు. ఆయన నిలబడి పనిచేసే ఇస్త్రీ బల్ల వంక చూశాడు. దాని పొడవాటి నాలుగు కాళ్ళ వంక చాలాసేపు చూసి, రంపం వెతకడానికి లోపలికి వెళ్ళాడు.